చంద్రిక ఏం తాగింది?

“ఏం తాగింది? నిజం చెప్పండి. దాచిపెడితే పోయేది మీ మనిషే.”

డాక్టరమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి. ఆమె అడిగినప్పుడల్లా చంద్రిక మొగుడు కేశవ తన తల్లి వైపు చూశాడు. కేశవ చూసినప్పుడల్లా ఆంజినమ్మ గోడ వైపు చూసింది.

ఏం చెబుతుంది పాపం, ఆమెకు తెలిస్తే గదా! పొద్దున నవ్వుతూ లేచిన కోడలు, మధ్యాహ్నం అందరితో పాటు సంగటి ముద్ద తిన్న కోడలు, సాయంత్రం పొద్దు వాలేసరికి మగ్గం గది గుమ్మంలో కుప్పకూలిపోయింది. ధర్మవరం నుంచి అనంతపురం దాకా అంబులెన్సులో ఒకటే ఆయాసం. చేతులూ కాళ్లూ కొట్టుకోవడం. ఇప్పుడు ఆ తలుపు వెనక ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. పిలిస్తే పలకడం లేదు.

“పురుగుల మందేమో మేడమ్,” అన్నాడు కేశవ నేల చూపులు చూస్తూ. “పొద్దున ఇంట్లో రవంత మాటా మాటా అయినాది.”

“ఎవరెవరికి?”

కేశవ మళ్లీ తల్లి వైపు చూశాడు. వేరే చెప్పాల్సిన పని లేదు. ఆంజినమ్మ నోరు ఎలాంటిదో ధర్మవరంలో వాళ్ల వీధి వీధంతా ఎరుగును. పక్కింటి మారెక్క అయితే అంబులెన్సు తలుపు వేసేలోపే అందరూ వినేటట్టు అనేసింది, “ఆ ముసలిదాని నోటికి తట్టుకోలేక మందు తాగేసినాది పిల్ల” అని.

“పురుగుల మందు లక్షణాలు ఒక్కటీ లేవు,” అంది డాక్టరమ్మ విసుగ్గా. ఆ విసుగు వీళ్ల మీద కాదు, తన మీద తనకే. “నోట్లో ఆ వాసన లేదు. కంటిపాపలు ముడుచుకోలేదు. కడుపు కడిగించాను, తిన్న సంగటి తప్ప ఏమీ రాలేదు.” చేతిలో ఉన్న చిన్న గాజు గొట్టం దీపం వైపు ఎత్తి చూపించింది. “ఇది నరంలోంచి తీసిన రక్తం. నల్లగా ఉండాలి. చూడండి, ఎంత ఎర్రగా ఉందో! గాలి అందుతోంది, ఒళ్లు మాత్రం ఆ గాలిని వాడుకోవడం లేదు. ఎందుకో నాకు అంతుపట్టడం లేదు.”

అంత చదువు చదివిన మనిషికే అంతుపట్టకపోతే ఇక ఆంజినమ్మ ఏపాటిది!

“ఇంట్లో ఏమేం ఉన్నాయి? ఎలుకల మందు? పట్టుకు రంగులద్దే రసాయనాలు? ఇంకేవైనా?”

“రంగులు మేమద్దం తల్లీ,” అంది ఆంజినమ్మ. “రంగేసిన పట్టే తెచ్చుకుంటాం. మా ఇంట్లో ఇంకేముంటాయి…”

“ఏమీ లేవు మేడమ్,” అన్నాడు వెనకనుంచి జయరాం.

వాణ్ణి ఎవరూ అడగలేదు. ఆంజినమ్మ వెనక్కి తిరిగి చూసింది. జయరాం ఆమెకు అల్లుడు, కూతురు హేమలత మొగుడు. పరాయివాడేమీ కాదు, సొంత తమ్ముడి కొడుకే. హిందూపురం వైపు ఏదో మందుల కంపెనీలో, ల్యాబులో పని. కబురు తెలియగానే డ్యూటీ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు, మెడలో కార్డు కూడా తీయకుండా. వచ్చినప్పటి నుంచి కూర్చున్నది లేదు. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. చంద్రిక మీద వీడికి ఇంత ప్రేమ ఉందని ఆంజినమ్మకు ఇన్నాళ్లూ తెలియదు.

“ఏ విషమో పేరు తెలిస్తే విరుగుడు ఇస్తాను,” అంది డాక్టరమ్మ. “తెలియకుండా ఏదో ఒకటి ఎక్కిస్తే ఉన్న ప్రాణం కాస్తా పోవచ్చు. బాగా ఆలోచించి చెప్పండి. తొందరగా చెప్పండి.”

ఆమె లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. విషం కేసు కాబట్టి విచారణకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ హనుమంతరాయుడు ఎదురుగా బెంచీ మీద కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, వీళ్లనే చూస్తున్నాడు. ఆయనకేమీ తొందర లేదు.

కేశవ తల్లి దగ్గరికి వచ్చాడు.

“ఏమన్నావమ్మా దాన్ని?”

“ఏమంటి రా? రోజూ అనేదే అంటి.”

“ఆ రోజూ అనేది ఏందో చెప్పు.”

ఆంజినమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “మరక పోకుంటే నీ మొగం నాకు చూపిచ్చొద్దు అంటి.”

కేశవ తల పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. వాడు తిట్టినా బాగుండును. అరిచినా బాగుండును.

మరక గోల ఈనాటిది కాదు. మగ్గం పైన డిజైను దారాలు ఎత్తే జాకార్డు పెట్టెకు చంద్రిక నూనె పట్టించింది. ఎక్కడ ఎక్కువైందో ఏమో, బొట్టుబొట్టుగా కారి, నేస్తున్న పెళ్లి చీర అంచు మీద పడింది. నేసిన బట్టను చుట్టి పెడతారు కదా, ఆ నూనె మడత మడతకూ దిగి బారెడు చీరను పాడుచేసింది. ఒకే పడుగు మీద, అంటే ఒకే నిలువు దారాల వరస మీద, మూడు చీరలు. మధ్యలో కోసి బయటికి తీయడానికి లేదు. ఏం చేసినా మగ్గం మీదే చేయాలి. చీరలు కొనే సేటు మనిషి వచ్చి చూశాడంటే ఆ ఇంట్లో నేసిన గుడ్డ ఇంకెవరూ ముట్టుకోరు.

“అంబులెన్సులో అది ఏమన్నాదో తెలుసా?” అన్నాడు కేశవ. “నేనేం తాగలేదు అన్నాది. రెండు తూర్లు అన్నాది. నా చెయ్యి పట్టుకోని అన్నాది.”

“అట్లయితే తాగలేదు రా!” ఆంజినమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. “అది అబద్ధం చెప్పే పిల్ల కాదు.”

“తాగినోళ్లందరూ అదే అంటారు కదమ్మా.”

తాగలేదంటే మరి ఈ పడిపోవడం ఏమిటి? తాగిందంటే ఎప్పుడు తాగింది, ఏం తాగింది, ఆ డబ్బా ఏది? ఇల్లంతా వెతికారు. పెరట్లో వెతికారు. మారెక్క వచ్చి పొయ్యి వెనక కూడా చేయి పెట్టి చూసింది. ఆంజినమ్మ బుర్ర తిరిగిన చోటే తిరుగుతోంది.

అంతలో మెట్ల మీద కేకలు.

“యాడ నా చెల్లెలు? యాడ పెట్టినారు?”

చంద్రిక అన్న చౌడప్ప. గార్లదిన్నెలో ఆటో తోలుతాడు. ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆంజినమ్మను చూడగానే ఆగాడు.

“ఏమ్మా, సల్లగుండాదా ఇప్పుడు? కడుపు నిండినాదా?”

“బావా, ఇప్పుడు వద్దు…” కేశవ అడ్డం వచ్చాడు.

“నువ్వు గమ్మునుండప్పా! నువ్వు నోరు తెరిచే మొగోడివైతే నా చెల్లెలు ఈడికొచ్చేది కాదు.” చౌడప్ప అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. “మొన్న ఫోనులో గూడా అన్నాది, అన్నా, నూనె కారినదానికి వారం నుంచి తిట్లే తిట్లు అని. నేనే, సర్దుకోమ్మా, పెద్దామె అంటి. నేనే అంటి! నా నోట్లో మన్ను పడ.”

ఇంకో రోజైతే ఆంజినమ్మ ఊరుకునేదా? చౌడప్ప తాతల దగ్గర్నుంచి అందుకునేది. ఇప్పుడు ఒక్క మాట రాలేదు. వచ్చినా ఏమనాలి? తిట్టలేదు అనాలా? తిట్టింది. పొద్దున తిట్టింది, మధ్యాహ్నం కూడా తిట్టింది. మరక పోయింది, నిజమే, చీర అద్దంలా అయింది. అయినా కొంగు దగ్గర చిటికెన వేలంత మచ్చ కనబడితే దానికీ తిట్టింది. అప్పుడు పిల్ల ఏమంది? “తల నొస్తాండాదత్తా, రవంతసేపు పండుకుంటా” అంది. “పని చెప్తే సాలు, తలనొప్పులొస్తాయి మహారాణికి” అని తను అంది. చంద్రిక నోరెత్తలేదు. మళ్లీ వెళ్లి ఆ మచ్చ తుడిచింది. బయటికి వచ్చి వాంతి చేసుకుంది. ఆ తర్వాతే గుమ్మంలో పడిపోయింది.

తన మాటలే చంపేశాయా కోడల్ని? ఆంజినమ్మకు ఏడుపు వచ్చింది. నలుగురి ముందు ఏడవడం చేతగాక కొంగు నోట్లో కుక్కుకుంది.

“అత్తా, ఇట్ల రా,” అన్నాడు జయరాం మెల్లగా.

వసారా చివర మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాడు. ఒక గ్లాసు నీళ్లు పట్టి ఇచ్చాడు. ఓదారుస్తాడు కాబోలు అనుకుంది ఆమె. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆ క్యాను ఊసు ఎవరి దగ్గరా ఎత్తొద్దు.”

“ఏ క్యాను?”

నిజంగానే ఆమెకు తట్టలేదు. జయరాం ముఖం చూశాక తట్టింది. తెల్ల ప్లాస్టిక్ క్యాను. మరక పోవడానికని మొన్న వాడే తెచ్చి ఇచ్చాడు. నీళ్లలాగే ఉంది, రంగూ లేదు, పాడూ లేదు. మూత తీస్తే తియ్యటి వాసన. చంద్రిక దాన్ని బేసిన్లో పోసుకుని, గుడ్డ ముంచి, పొద్దుటి నుంచి చీర తుడుస్తూనే ఉంది.

“దాని ఊసు ఇప్పుడెందుకు రా? అది తాగలేదు కదా పిల్ల!”

“అదే నేను చెప్పేది. తాగలేదు. దానికీ దీనికీ సంబంధమే లేదు. ఊరికే ఆ మాట తెచ్చి లేనిపోని రచ్చ ఎందుకని.”

“సంబంధం లేకుంటే రచ్చ ఎందుకైతాది?”

జయరాం తడబడ్డాడు.

“అది కంపెనీ సరుకు అత్తా. మా ల్యాబులో మిషన్లలో పోస్తారు. మాత్రలో మందు ఎంత ఉండాది, కల్తీ ఏమన్నా కలిసిందా అని విడదీసి చూసేదానికి అది కావాల. నీళ్లలో ఇట్టే కలిసిపోతాది, ఇట్టే ఆరిపోతాది. జిడ్డును పట్టుకోని పోతాది. మరక పోతాదని తెస్తి. అడగకుండా తెస్తి.”

“విషమా అది?”

“అగ్గి దగ్గర పెట్టకూడదు. అంటుకుంటాది.”

“విషమా అని అడుగుతాండా.”

“మేము దినామూ వాడతాం. మాకేమైనాది?”

“మీరు గూడా తలుపు మూసుకోని వాడతారా?”

జయరాం ఖాళీ గ్లాసును ట్యాంకు మీద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

“మాకు పైన గాలి లాగేసే పెట్టె ఉంటాది,” అన్నాడు చివరికి. “చేతులకు తొడుగులు ఉంటాయి. అయినా అత్తా, నువ్వే ఆలోచించు. చంద్రిక తుడిచింది పొద్దున. మధ్యాన్నం సంగటి తిన్నాది. నీతో మాట్లాడినాది. విషమైతే వాసన చూసినప్పుడే పడిపోవాల కదా? సాయంత్రం దాకా ఆగుతాదా ఏ విషమైనా?”

ఆ మాటా నిజమేననిపించింది ఆంజినమ్మకు. తేలు కుట్టినా, పాము కరిచినా, పురుగుల మందు తాగినా ఆమె ఎరిగినంతలో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఒంట్లో దూరి పొద్దుగూకేదాకా దాక్కునే విషం ఎక్కడుంది? కానీ వీడి కళ్లెందుకలా తిరుగుతున్నాయి? ఏమీ కానిదానికి ఎందుకింత చెమట పట్టింది? నమ్మితే ఒక గోల, నమ్మకపోతే ఇంకో గోల. ఎటూ పాలుపోక ఆమె ట్యాంకు పట్టుకుని నిలబడింది.

మగ్గం గది తలుపు మూసింది తనే. కిటికీ రెక్క బిగించింది తనే. ఎందుకు మూయదు? వానలు లేని ఈ సీమలో పొడిగాలి తగిలితే పట్టు దారం పుటుక్కున తెగుతుంది. నేతగాళ్ల ఇళ్లలో మగ్గం గది ఎప్పుడూ మూసే ఉంటుంది, ఫ్యాను ఊసే ఉండదు. పైగా తడి చీర మీద దుమ్ము పడకూడదు, సేటు మనిషి కంట మరక పడకూడదు. అత్తగారు ఆమెకు నేర్పినదీ అదే, ఆమె చంద్రికకు నేర్పినదీ అదే.

“నేను పోయి డాక్టరమ్మకు చెప్తా,” అంది ఆంజినమ్మ. “ఔనో కాదో ఆమె చూసుకుంటాది. దాని పేరేందో చెప్పు.”

జయరాం ఆమె చేయి పట్టుకున్నాడు.

“అత్తా, నా పని పోతాది. దొంగతనం కేసు పెడతారు. మళ్లా ఏ కంపెనీవాడూ గేటు లోపలికి రానీడు. నీ కూతురి బతుకు వీధిన పడతాది.”

“ఈడ నా కోడలు సస్తాంది రా!”

“చంద్రిక మందు తాగినాదని అందరూ అంటాండారు కదా. ఊరికే నువ్వెందుకు…”

“అంటే నేను తిట్టి సంపినట్ల. అంతేనా?”

“నేనట్లనలేదు.”

“పేరు చెప్పు.”

“చెప్పను.” వాడి ముఖం ఒక్కసారిగా గట్టిపడింది. ఆంజినమ్మ ఎత్తుకు పెంచిన పిల్లవాడి ముఖమే, ఎప్పుడూ చూడని ముఖంలా ఉంది. “పో. పోయి చెప్పు. నేనేం తేలేదంటా. క్యాను ఈపాటికి ఆడ ఉండదు, హేమకు ఫోను చేసి పారేయమంటి. ముసలామె తన తప్పు కప్పుకునేకి నా మీద తోస్తాందంటా. ఎవురు నమ్ముతారో చూద్దాం. చౌడప్ప నమ్ముతాడా? నీ కొడుకు నమ్ముతాడా?”

ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఆంజినమ్మకు తెలుసు. కన్నకొడుకే ఇందాక తన వైపు ఎలా చూశాడో ఆమె చూసింది. పేరు లేకుండా ఆ గదిలోకి పోయి ఏమని చెబుతుంది? తియ్యటి వాసన అని చెబుతుందా? నీళ్లలా ఉంది అని చెబుతుందా?

వసారా అవతల తలుపు తెరుచుకుంది. నర్సు ఒకామె పరుగున వచ్చి, ఇంకో పెద్ద గొట్టం పట్టుకుని పరుగున లోపలికి పోయింది. కేశవ లేచి నిలబడ్డాడు. చౌడప్ప రెండు చేతులూ జోడించి గోడ మీది దేవుడి పటం వైపు తిరిగాడు.

అప్పుడు ఆంజినమ్మ నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

“హేమ గూడా తుడిచినాది రా.”

“ఏ హేమ?”

“ఎన్ని హేమలుండారు మనకు? నీ పెండ్లాము. వదినకు చేతులు నొస్తాండాయని మధ్యాన్నం అదీ కూచున్నాది. ఆ మగ్గం గుంతలోనే. నేనే తలుపు మూసి వస్తి.”

జయరాం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎంతసేపు?”

“శానాసేపు.”

“చేతులకు ఏమన్నా తొడుక్కున్నాదా? బేసిన్లో చెయ్యి పెట్టినాదా?”

“చెయ్యి పెట్టకుండా గుడ్డ ఎట్ల ముంచుతారప్పా?”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు!” గట్టిగా అరిచాడు. హెడ్ కానిస్టేబుల్ కూడా తల తిప్పి చూశాడు.

“నువ్వే కదా ఏమీ కాదంటివి. పొద్దున తుడిచినదానికి సాయంత్రం ఏమైతాది అంటివి!”

వాడు వినిపించుకోలేదు. వసారా అంతా ఒక్క పరుగు. లోపలికి పోకూడదని నర్సు అడ్డుపడుతున్నా తోసుకుని తలుపు తీశాడు. ఆంజినమ్మ వెనకే పరుగెత్తింది. మోకాళ్లు నొప్పులని నాలుగడుగులు వేయని మనిషి ఎలా పరుగెత్తిందో ఏమో.

“అసిటోనైట్రైల్ మేడమ్! అసిటోనైట్రైల్!” జయరాం రొప్పుతున్నాడు. “క్యాను నిండా. మగ్గం గదిలో తుడిచింది. ఒంట్లోకి పోయినాక మెల్లగా సైనైడ్ అవుతాది మేడమ్. వెంటనే తెలీదు. గంటలు గంటలు పడతాది. మా ల్యాబులో గోడ మీద రాసి పెట్టినారు. ఇంకొకామె ఉండాది మేడమ్, నా భార్య, ఆమెకేం కాకుండా మందియ్యండి, దండం పెడతా!”

గంటలు గంటలు పడుతుందని వీడికి తెలుసు. ముందునుంచీ తెలుసు. ట్యాంకు దగ్గర నిలబడి, సాయంత్రం దాకా ఆగే విషం ఉంటుందా అని తననే అడిగాడే! ఆంజినమ్మకు ఒళ్లంతా మండిపోయింది. చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. డాక్టరమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

డాక్టరమ్మ ముఖం తేటపడింది. “అందుకే రక్తం ఎర్రగా ఉంది!” అని తనలో తను అనుకుని, నర్సుకు గబగబా ఏవో మందుల పేర్లు చెప్పింది. ఇద్దరు నర్సులు చెరోవైపు పరుగెత్తారు. “గది మూసి ఉందా?” అని ఆంజినమ్మను అడిగింది.

“మూసింటిమి తల్లీ. గాలి తగిలితే పట్టు తెగిపోతాదని.”

“ఎక్కడ కూర్చుంది?”

“గుంతలో. మా మగ్గాలు గుంత మగ్గాలు కదా. కాళ్లు గుంతలో పెట్టి, నడుము దాకా దిగి కూచోవాల.”

డాక్టరమ్మ చంద్రిక చేతుల వైపు చూసింది.

“దాని ఆవిరి మామూలు గాలికంటే బరువమ్మా,” అంది. “పైకి పోదు. పల్లం వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. మీ కోడలు కూర్చున్న గుంత నిండిపోయి ఉంటుంది. పీల్చిందొకటి, చేతుల చర్మంలోంచి దిగిందొకటి. ఏం తాగింది, ఏం తాగింది అని నేను ఇంతసేపూ కడుపులో వెతుకుతున్నాను.”

“బతుకుతాదా?” గుమ్మంలోంచి కేశవ అడిగాడు.

“విరుగుడు మొదలుపెడుతున్నాం. ఒంట్లో ఉన్నది ఇంకా విషంగా మారుతూనే ఉంటుంది. ఇప్పుడు కళ్లు తెరిచినా మళ్లీ పడిపోవచ్చు. రేపు గడిస్తే గానీ నేనేమీ చెప్పలేను.” జయరాం వైపు తిరిగింది. “మీ భార్యను వెంటనే పిలిపించండి. బాగున్నట్టే కనిపిస్తారు, నమ్మడానికి లేదు.”

అందరినీ బయటికి పంపి తలుపు వేసేశారు.

జయరాం ఫోను నొక్కుతున్నాడు. ఒకసారి తప్పు నొక్కాడు. పిలుపు వెళ్తుండగానే మెట్ల మీద మోగింది ఫోను. హేమలత పైకి వస్తోంది, ఒక చేతిలో వదిన బట్టల సంచి, ఇంకో చేతిలో ఫ్లాస్కు.

వాడు ఎదురు పరుగెత్తి ఆమె భుజాలు పట్టుకున్నాడు. సంచి కింద పడింది.

“తల నొస్తాందా? వాంతి వచ్చిందా? ఆయాసం ఏమన్నా ఉండాదా? చెప్పు!”

“ఏమైనాది నీకు? నాకేం రోగం?”

“ఆ గుంతలో ఎంతసేపు కూచున్నావు?”

“ఏ గుంతలో?”

“మగ్గం గుంతలో! వదినతో పాటు మరక తుడిచినావంట కదా!”

“నేనా?” హేమలత తల్లి వైపు చూసింది. “నేను ఈ పొద్దు మగ్గం గదిలోకి పోనేలేదు. వదిన కూతుర్ని బడి నుంచి తీసుకోని నేరుగా మా ఇంటికి పోతి. నువ్వు ఫోను చేసినప్పుడే అమ్మావాళ్ల ఇంటికి పోతి.”

జయరాం చేతులు జారిపోయాయి. మెల్లగా తిరిగి ఆంజినమ్మను చూశాడు.

“ఔను,” అంది ఆంజినమ్మ. “అబద్ధం చెప్తి.”

“అత్తా!”

“ఏమి అత్తా? నా కోడలికైతే నీ నోరు రాలేదు. నీ పెండ్లానికైతే పేరూ వచ్చినాది, గోడ మీద రాసిందీ వచ్చినాది. ఇంకేం జేసేది నేను?”

కేశవకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. వాడు జయరాం ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. చౌడప్పకు అంత ఓపిక లేదు. ఒక్క దూకు దూకి జయరాం చొక్కా పట్టుకున్నాడు. “నీకు తెలుసా? తెలిసి గూడా ఇంతసేపు గమ్మునున్న్యావా? నేను ఆ పెద్దామెను నానా మాటలు అంటాంటే పక్కనే నిలబడి వింటా ఉన్న్యావా?” కేశవ విడిపించలేదు. కట్టుకున్న హేమలత కూడా కదల్లేదు.

హెడ్ కానిస్టేబుల్ హనుమంతరాయుడు టోపీ పెట్టుకుని లేచాడు. చౌడప్పను ఒక చేత్తో పక్కకు జరిపాడు.

“ఆగండప్పా, ఆగండి. ఆసుపత్రి ఇది. ఇప్పుడు నాకొకటి చెప్పండి. ఆ మందు ఇంట్లోకి ఎట్లొచ్చింది? తెచ్చింది ఎవరు?”

అందరూ ఆంజినమ్మ వైపే చూశారు. ఆమె చెబితే అయిపోయింది. వీధిలో ఎవరి గుట్టు అయినా విప్పి ఆరేయగల నోరు ఆమెది. ఇందాక ఈ మాట చెబుతాననే కదా అల్లుడితో అంత వాదులాడింది!

కానీ ఎదురుగా కూతురు నిలబడి ఉంది. మెళ్లో పసుపుతాడు, కాళ్ల దగ్గర వదిన బట్టలు. కోడలి ప్రాణం కోసం అల్లుడి చేత మాట చెప్పించింది, సరే. ఇప్పుడు అల్లుణ్ణి పోలీసుకు పట్టించే మాట తన నోటితో ఎలా అనాలి? అనకపోతే రేపు చంద్రిక లేచాక ఆ పిల్ల ముఖం ఎలా చూడాలి? అసలు చంద్రిక లేస్తుందా? ఏమీ తోచలేదు.

“చెప్పమ్మా,” అన్నాడు హనుమంతరాయుడు.

“బావా,” అంది హేమలత.

జయరాం తలెత్తాడు.

“నాకూ విషం తగిలిందనుకోని చెప్పినావు. సరే. నాకేం కాలేదని ముందే తెలిసింటే?”

“అది కాదు హేమా… మన బతుకు గురించే కదా నేను…”

“తెలిసింటే చెప్పేవాడివా, లేదా? అంతే అడిగింది.”

జయరాం మూసిన తలుపు వైపు చూశాడు, చౌడప్ప వైపు చూశాడు, మళ్లీ నేల వైపు చూశాడు. హేమలత కాసేపు కాచుకుంది. నిజంగానే కాచుకుంది, ఒక్క మాట అంటాడేమోనని. తర్వాత వంగి, కింద పడిన వదిన బట్టలు ఒక్కొక్కటే దులిపి సంచిలో పెట్టింది. సంచి తీసుకుని హెడ్ కానిస్టేబుల్ ముందుకు వచ్చింది.

“తెచ్చింది ఈయనే సార్. నా మొగుడు. క్యాను పారేయమన్నాడు గానీ నేను పారేయలేదు. మా ఇంటికి తీసుకోని పోయి పెట్టినా, వచ్చి తీసుకోండి.”